ఎవరి ఊరి వన్స్‌మోర్ గొప్పది?

మొన్న మాఘమాసంలో పొన్నూరులో మా అన్నయ్య కొత్త ఇంట్లో పాలు పొంగించుకున్నాడు. పాలు సవ్యంగానే పొంగాయి. భోజనాలయ్యాక పొంగినవి మాత్రం మగవాళ్ళ అభిమానాలు.

తాంబూలం పళ్ళెం చుట్టూ నలుగురు పెద్దమనుషులు చేరారు. మా మామగారిది తెనాలి. మా బాబాయి పొన్నూరు వదిలి పది రోజులు ఎక్కడా వుండి ఎరగడు. మా అక్క మామగారిది బాపట్ల. నాలుగో ఆయన మా తోడికోడలి తండ్రి, రేపల్లె వారు. ఎవరు మొదలుపెట్టారో గాని, వంటింట్లో గిన్నెలు సర్దుకుంటున్న మా చెవిన పడేసరికే విషయం బాగా ముదిరింది. నాటకాన్ని ప్రాణంగా ప్రేమించిన వూరేది? అదీ తగువు.

పొలం తగాదా అయితే దస్తావేజులుంటాయి. ప్రేమ తగాదాకి దస్తావేజులెక్కడివి? ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళదే ప్రేమ.

ముందు మా మామగారు అందుకున్నారు. తెనాలిని ఆంధ్రా పారిస్ అని వూరికే అనలేదట. రామవిలాస సభ తెనాలిది. స్థానం నరసింహారావు తెనాలి రంగం మీద వెలిగినవాడు. మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు తెనాలి వాళ్ళే. జగ్గయ్య, గుమ్మడి ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్ళు. అన్నిటికీ మించి, ఆంధ్ర నాటక కళా పరిషత్తు 1929లో పుట్టింది తెనాలిలో. "ఇంకేం కావాలయ్యా?" అని వక్క నోట్లో వేసుకున్నారు.

బాపట్ల వారు వూరుకుంటారా? "స్థానం పుట్టింది 1902లో మా బాపట్లలో. పాలు మావి, తోడు మాత్రం మీది. పెరుగు మాదంటే ఎలా?" అన్నారు. హరిశ్చంద్ర నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు బాపట్ల తాలూకాలో పుట్టిన మనిషి. ఆ నాటకమే లేకపోతే మీ తెనాలి నటులు ఏం పాడేవారని ఆయన ప్రశ్న. వేషం కట్టి, శాసనసభాపతి అయి, గవర్నరు కూడా అయిన కోన ప్రభాకరరావు గారిలాంటి మనిషి ఇంకో వూళ్ళో వుంటే చూపించమన్నారు.

మా బాబాయి తక్కువవాడా? "ఈలపాట రఘురామయ్యది సుద్దపల్లి. చేబ్రోలు పక్కన. మాకు కూతవేటు... కాదు, ఈలవేటు దూరం!" అన్నాడు. పొన్నూరుని ఆనుకున్న బ్రాహ్మణకోడూరులో మాధవపెద్ది సత్యం పుట్టాడు. 1957లో మాయాబజార్ సినిమాలో ఘటోత్కచుడు విందు ఆరగిస్తూ పాడిన గొంతు ఆయనది. ఆ సినిమాకి కళాదర్శకత్వం చేసిన గోఖలేదీ ఆ వూరే. "ఒక్క పల్లెనించి పాటా, కోటా రెండూ పంపించాం" అని తొడ చరిచాడు.

రేపల్లె వారు కాస్త ఇబ్బందిగా కదిలారు. పెదపులివర్రులో పుట్టిన కె. విశ్వనాథ్ గారినీ, 1980లో వచ్చిన శంకరాభరణాన్నీ ముందుకు తోశారు. "అది సినిమా కదండీ" అని ముగ్గురూ ఒక్కటై కొట్టేశారు. అప్పుడాయన ఒక మాట అన్నారు. "సరే, ఆడింది మీరేనండీ. బండి కట్టుకుని, చద్దిమూట కట్టుకుని వచ్చి రాత్రంతా కూచుని చూసింది మేం. చూసేవాడు లేకపోతే ఆడేవాడెక్కడ?"

ఈ మాటకి ఎవరూ జవాబు చెప్పలేదు. నాకు మాత్రం ఆ నలుగురిలో అసలు వాదన అదొక్కటే అనిపించింది.

ఈలోగా మా బాబాయి వుత్సాహం పట్టలేక రాయబారం పద్యం ఒకటి ఎత్తుకున్నాడు. మూడో పాదం దగ్గర గొంతు తడబడింది. మాట మరిచాడు. వంటింటి గడప పక్కన పీట వేసుకుని మర్నాటికి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా మేనత్త, తల ఎత్తకుండానే ఆ మాట అందించింది. ఎనభై రెండేళ్ళ గొంతు, రాగం కూడా జారలేదు. వసారాలో ఒక్క క్షణం నిశ్శబ్దం. "అక్కయ్యకి అన్నీ జ్ఞాపకమే" అని మా బాబాయి నవ్వి, పద్యం పూర్తిచేసి, మళ్ళీ పొన్నూరు గొప్పలోకి వెళ్ళిపోయాడు.

నా పరిస్థితి మీకు అర్థమయ్యే వుంటుంది. పుట్టిల్లు పొన్నూరు, మెట్టినిల్లు తెనాలి. నేను ఏ పక్క నోరు విప్పినా రెండో పక్క పండక్కి పిలవరు. కాబట్టి అక్కడ నోరు మూసుకుని ఇక్కడ విప్పుతున్నాను.

అసలు ఈ నాలుగు వూళ్ళూ ఎంత దూరం చెప్పండి? తెనాలిలో రైలెక్కితే నిడుబ్రోలు, అప్పికట్ల, ఆ పైన బాపట్ల. మా పొన్నూరుకి స్టేషను నిడుబ్రోలే. ఎంత నిదానం పాసింజరైనా గట్టిగా గంట ప్రయాణం. ఈ గంట దారిలో మూడు "మేమే గొప్ప"లున్నాయి. పైగా 2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలు వచ్చాక తగువు ఇంకో మలుపు తిరిగింది. బాపట్ల జిల్లా అయింది, రేపల్లె దాంట్లోకి పోయింది, తెనాలీ పొన్నూరూ గుంటూరు జిల్లాలోనే మిగిలాయి. అంటే స్థానం వారు పుట్టింది ఒక జిల్లా, వెలిగింది మరో జిల్లా! 1971లో కన్నుమూసిన మనిషికి ఇప్పుడు జిల్లా మార్పిడి జరిగిందన్నమాట. ప్రభుత్వం వారు గీసిన గీతతో కళాభిమానం అటూ ఇటూ అవుతుందా? అయితే అది అభిమానం కాదు, సరిహద్దు రాయి.

గొప్పలు చెప్పుకునే వాళ్ళు ముందుగా చేసే పని పుట్టుకలు లెక్కపెట్టడం. ఫలానావాడు మా వూళ్ళో పుట్టాడు కాబట్టి మా వూరికి కళంటే ప్రాణం. ఈ తర్కం నాకెప్పుడూ మింగుడుపడదు. పుట్టడంలో వూరి గొప్పేముంది? ఆ తల్లి గొప్ప వుంది. ఆ తల్లి పేరు ఈ నలుగురిలో ఒక్కరికీ తెలియదు.

పోనీ, పుట్టుకలే లెక్కనుకుందాం. మా మామగారు అంత గర్వంగా చెప్పిన 1929 పరిషత్తునే తీసుకోండి. దానికి పూనుకున్నది వనారస గోవిందరావు గారు. ఆయనది తెనాలి కాదు, గుంటూరు జిల్లా కూడా కాదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధ ఆడి, సురభి సమాజానికి పునాది వేసిన మనిషి. మరాఠీ మూలాలున్న కుటుంబం. అంటే తెనాలి గొప్పలకెల్లా గొప్పకి బీజం వేసింది బయటివాడు! అలాగే హరిశ్చంద్ర కాటిసీను. జనం వూగిపోయి వినే శ్మశానం పద్యాల్లో పేరుపడ్డవి బలిజేపల్లి వారివి కావు, జాషువా గారివి. 1895లో వినుకొండలో పుట్టి, కులం పేరుతో ఎన్నో గడపల బయట నిలబడవలసివచ్చిన కవి. రాజు కాటిని కాచే ఘట్టంలో ఆయన పద్యాలు వచ్చి కూచున్నాయంటే, వాటిని తెచ్చుకుని పాడిన నటులకి నేను నమస్కారం పెడతాను. వాళ్ళు ఏ వూరని అడగలేదు, ఏ కులమని అడగలేదు. పద్యం ఆ చోటికి సరిపోయిందా లేదా, అంతే చూశారు. అభిమానమంటే అదీ.

ఇక రెండో లెక్క, వన్స్‌మోర్. "మా వూళ్ళో ఒక్కో పద్యానికి మూడు వన్స్‌మోర్లు" అని బాబాయి. "మా వూళ్ళో అయిదు" అని మామగారు. నాటకాల కాంట్రాక్టర్లు ఈ పిచ్చిని బాగా కనిపెట్టారు. ఒకే రాత్రి ఒక సీనుకి ఒక కృష్ణుడు, ఇంకో సీనుకి ఇంకో కృష్ణుడు. జనం ఎవరి కృష్ణుడి తరఫున వాళ్ళు చప్పట్లు. కురుక్షేత్రంలో కౌరవులకీ పాండవులకీ జరగవలసిన యుద్ధం కృష్ణుడికీ కృష్ణుడికీ జరిగేది. ఒక వూళ్ళో మూడుసార్లు పాడించుకున్న పద్యాన్ని పక్క వూరివాళ్ళు నాలుగుసార్లు పాడించుకోకపోతే పరువు తక్కువ. హార్మోనియం ఆయన వేళ్ళు నొప్పి పుట్టాలి, నటుడి గొంతు జీరపోవాలి, అప్పుడు గాని వూరి గౌరవం నిలవదు.

నేనీమాట అంటే పద్యం గిట్టనిదాన్ని అనుకోకండి. పద్యం వింటూ పెరిగినదాన్ని. మంచి పద్యం రెండోసారి వింటే మొదటిసారి అందని అర్థం అందుతుంది, నిజమే. కాని నాటకం అనేది కథ కదా? కథలో మనుషులున్నారు కదా? రాయబారంలో కృష్ణుడు సంధి మాట్లాడడానికి వచ్చాడు. వింటున్న దుర్యోధనుడికి కోపం పెరగాలి, మనకి భయం పెరగాలి. మధ్యలో ఒకాయన లేచి కృష్ణుడి చొక్కాకి పది రూపాయల నోటు గుచ్చి, మళ్ళీ మొదట్నుంచీ పాడమంటే, ఆ కోపం ఏమైంది, ఆ భయం ఏమైంది? దుర్యోధనుడు పాపం మీసం మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడి వుండాలి. నేను చూసిన నాలుగైదు హరిశ్చంద్రల్లో ఒక సంగతి గమనించాను. వన్స్‌మోర్లన్నీ హరిశ్చంద్రుడికే. చచ్చిన బిడ్డని చేతుల్లో మోసుకొచ్చిన చంద్రమతి పాడితే జనం వింటారు, కళ్ళు తుడుచుకుంటారు, మళ్ళీ పాడమని ఎవరూ అడగరు. ఏడుపుకి వన్స్‌మోర్ లేదు కాబోలు! ఒక విధంగా అదే ఆమెకి దక్కిన గౌరవమేమో కూడా.

ఆ చంద్రమతి దగ్గరికే వద్దాం. స్థానం వారు రంగస్థలం మీద నిలబడ్డది కూడా చంద్రమతితోనే. అసలు వేషధారి రాకపోతే ఆ వేషం ఈయన కట్టారు. ఆ తర్వాత సత్యభామ, చింతామణి, రోషనార, మధురవాణి. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన సత్యభామ నడకనీ చీరకట్టునీ చూసి ఆడవాళ్ళే నేర్చుకునేవారని మా పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. ఆయన ప్రతిభని తక్కువ చేసే వుద్దేశం నాకు లేదు. మగవాడై పుట్టి, ఆడదాని అలకలో ఎంత ప్రేమ వుందో, ఎంత భయం వుందో పట్టుకున్నాడంటే ఆయన ఇంట్లో ఆడవాళ్ళని ఎంత శ్రద్ధగా చూసి వుండాలి! అలా చూసే మగవాళ్ళు ఎందరుంటారు?

నా ప్రశ్న ఆయనకి కాదు, ఆయన కోసం కొట్టుకునే వూళ్ళకి. ఆడవేషానికి ఇంత విలువ కట్టిన తెనాలిలోనూ బాపట్లలోనూ పొన్నూరులోనూ, మనబోటి ఇళ్ళనుంచి ఒక్క ఆడపిల్లని రంగం ఎక్కనిచ్చారా? ఎక్కిన స్త్రీలు లేకపోలేదు. వాళ్ళు చాలావరకు కళావంతుల ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళు. రాత్రి వాళ్ళ పద్యానికి చప్పట్లు కొట్టిన చేతులే పొద్దున్న వాళ్ళ గుమ్మం చూసి ముఖానికి అడ్డం వచ్చేవి. మన భాషే చూడండి. మాట వినని ఆడపిల్లని ఏమంటారు? "నా దగ్గర నాటకాలాడకు" అంటారు. "వేషాలు వెయ్యకు" అంటారు. నాటకాన్ని ప్రాణంగా ప్రేమించిన వూళ్ళలోనే నాటకమన్న మాట ఆడపిల్లకి తిట్టయింది.

మా మేనకోడలు కెనడాలో వుంటుంది. గృహప్రవేశానికి రాలేక ఫోనులో చూసింది, తగువంతా వింది. విని పకపక నవ్వింది. "అత్తా, ఇక్కడ మంచు మీద ఆడే హాకీకి కూడా ఇంతే" అంది. కింగ్‌స్టన్ వాళ్ళు ఆ ఆట మా దగ్గరే పుట్టిందంటారట. నోవా స్కోషియాలో విండ్సర్ వాళ్ళు కాదు మాదంటారట. 1875లో ఇంటిచూరు కింద పద్ధతిగా ఆడించింది మేమని మాంట్రియల్ వాళ్ళు. చలికాలం వస్తే తండ్రులు పెరట్లో నీళ్ళు పోసి గడ్డకట్టించి పిల్లలకి ఆటస్థలం చేస్తారట. మా వూరికున్నంత ప్రేమ మీ వూరికుందా అని అక్కడా పంతాలే. ప్రపంచంలో మనుషులందరూ ఒక తల్లి బిడ్డలేనని నాకు గట్టిగా నమ్మకం కుదిరింది.

ఆ పిల్ల ఇంకో కథ చెప్పింది. టొరంటోలో అబీ హాఫ్‌మన్ అనే పిల్ల వుండేది. హాకీ అంటే ప్రాణం. ఆడపిల్లలకి జట్టు లేదు. జుట్టు కత్తిరించుకుని, పేరులో ఒక అక్షరం మింగేసి, మగపిల్లల జట్టులో చేరిపోయింది. బాగా ఆడింది కూడా. పెద్ద పోటీకి ఎంపిక చేయబోతూ పుట్టిన తేదీ కాగితం అడిగేసరికి, 1956లో సంగతి బయటపడింది. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు. తర్వాత పరుగుపందెంలోకి వెళ్ళి నాలుగు ఒలింపిక్స్‌లో పరిగెత్తింది. మంచు హాకీ మగవాళ్ళకి ఒలింపిక్స్‌లో 1920లోనే వచ్చింది. ఆడవాళ్ళకి 1998లో గాని రాలేదు.

చూశారా తమాషా? ఇక్కడ స్థానం వారికి చీర కట్టి స్త్రీని చేశారు. అక్కడ ఒక పిల్ల జుట్టు కోసుకుని మగపిల్లాడయింది. ఆయన చీరకి పద్మశ్రీ వచ్చింది. ఆ పిల్ల చొక్కాకి జనన ధృవపత్రం అడ్డం వచ్చింది.

అయితే తెలుగుదేశంలో తమ ఆడపిల్లల్ని రంగం ఎక్కించినవాళ్ళే లేరా అంటే, వున్నారు. ఆ సురభి వాళ్ళే. భార్య, కూతురు, కోడలు, చంకలో పిల్ల, అందరూ నటులే. ఇంటి ఆడవాళ్ళు ఆడవేషాలు కడితే, ఇంటి పిల్లలు ప్రహ్లాదుడూ లోహితుడూ అయ్యారు. 1932లో మన మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతి వేషం వేసిన కమలాబాయి వాళ్ళ పిల్లే. మా బాబాయి తొడ చరిచిన మాయాబజార్ కథని ఆ సినిమా రాకముందే డేరాలో ఆడుకుంటూ వూరూరా తిరిగింది వాళ్ళే. వాళ్ళు ఫలానా వూరి వాళ్ళమని పంతం పట్టలేదు. పట్టడానికి ఒక చోట వుంటే కదా! వూరి పేరే వాళ్ళకి ఇంటిపేరైంది. సురభి కమలాబాయి అంటాం గాని, సురభి అంటే ఒక వూరని ఎంతమందికి జ్ఞాపకం?

ఇదంతా వాళ్ళ ఆదర్శమని పొగిడి వూరుకోను. కడుపు కోసం ఆడారు. డేరా తడిసిన రోజు పస్తున్నారు. పిల్లల చదువులు సాగలేదు. ఆ ఇంటి ఆడపిల్లకి నాటకం వద్దు అనే వీలు ఎంతవరకు వుండేదో నేను చెప్పలేను. కాని ప్రేమకి కొలత పెట్టమని నన్నడిగితే, ఇంట్లో ఆడవాళ్ళని ఎక్కడ కూచోబెట్టారన్నదే నా కొలత. ఆ కొలతతో చూస్తే వూరులేని వాళ్ళు గెలిచారు, వూళ్ళున్న వాళ్ళందరం ఓడిపోయాం.

ఆ సాయంత్రం చుట్టాలంతా సాక్షి భావనారాయణస్వామి గుడికి బయల్దేరారు. మా స్వామి కథ మీకు తెలుసుగా. కాశీయాత్రలో మేనల్లుడి చేత సేవలు చేయించుకుని పిల్లనిస్తానన్న మామ, ఇంటికొచ్చాక మాట తప్పాడు. స్వామి స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పాడు. అందుకే సాక్షి భావనారాయణుడు. "నాటకం సంగతి కూడా ఆయన్నే అడుగుదాం పద" అని మా బాబాయి పరాచికాలాడాడు. బాపట్లలోనూ భావనారాయణుడే వున్నాడు కాబట్టి సాక్ష్యం చెల్లదని మా అక్క మామగారు అభ్యంతరం చెప్పారు.

నేను గుడికి వెళ్ళలేదు. మేనత్త పక్కన కూచుని చిక్కుడుకాయలు అందుకున్నాను. "అత్తా, నీకన్ని పద్యాలు ఎలా వచ్చే?" అని అడిగాను.

"వినీ వినీ వచ్చినాయే. మీ మావయ్యకి నాటకాల పిచ్చి. ఎక్కడ ఆడినా బండి కట్టేవారు. మాకు ఓ పక్కన తాడు కట్టి కూచోబెట్టేవాళ్ళు. సగం స్తంభమే కనపడేది. అందుకని చెవులతోనే చూసేవాళ్ళం."

"హరిశ్చంద్ర ఎన్నిసార్లు చూశావు?"

"ఏడో ఎనిమిదో. కాని ఒక్కసారీ పూర్తిగా చూళ్ళేదు. కాటిసీను ఎత్తుకునేసరికి తెల్లారుజాము మూడయ్యేది. పద్యాలు మళ్ళీ మళ్ళీ పాడిస్తారుగా! ఇక మా అత్తగారు లేవమనేది. గేదెల పాలు తీయాలి, మగాళ్ళొచ్చేసరికి నీళ్ళు కాగాలి. నేను ఎప్పుడూ లోహితుడు చచ్చిపోయినదాకే చూశానమ్మాయ్. వాడు లేవడం చూళ్ళేదు."

చాలా మామూలుగా అంది. బియ్యంలో రాయి తీసి పారేసినట్టు అంది. నా చేతిలో కాయ అలాగే వుండిపోయింది. వన్స్‌మోర్ అన్న ప్రతి మగవాడూ మా మేనత్త దగ్గర్నించి ఒక పది నిమిషాలు తీసుకున్నాడని నాకప్పుడు తెలిసింది. అవన్నీ కూడితే నాటకం చివర ఎంత వుందో అంత.

శ్రీరామనవమి పందిళ్ళలో దగ్గరి పల్లెలో హరిశ్చంద్ర వేస్తున్నారని తెలిసి, మేనత్తని తీసుకువెళ్ళాను. సంగతి తెలిసి మా మామగారూ బాబాయీ కూడా తయారయ్యారు. ఇప్పుడు తాళ్ళు కట్టడం లేదు, ప్లాస్టిక్ కుర్చీలు. ముందు వరసలో కూచోబెట్టాం. జనం పెద్దగా లేరు. వున్నవాళ్ళలో సగం మంది తెల్లజుట్టు వాళ్ళే. అయినా కాటిసీను వచ్చేసరికి పందిరి వేడెక్కింది. హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకున్నాడు. గొంతు బాగుంది. అయిపోగానే మా మామగారు లేచి నిలబడ్డారు. "వన్స్‌మోర్!" పక్కనే మా బాబాయి, తెనాలికి తగ్గకూడదు కాబట్టి ఇంకా గట్టిగా, "వన్స్‌మోర్!"

నటుడు మళ్ళీ పాడాడు. మళ్ళీ లేచారు. మూడోసారికి మా మేనత్త బాబాయి కండువా పట్టుకుని కిందికి లాగింది.

"కూచోరా. ఆ బిడ్డకి దోమలు కుడుతున్నాయి. ముందు వాణ్ణి లేవనీయండి."

అప్పుడు చూశాం అందరం. రంగం మీద చంద్రమతి పక్కన పడుకున్న లోహితుడు, ఎనిమిదేళ్ళవాడేమో, కళ్ళు గట్టిగా మూసుకుని కాలి బొటనవేలు మాత్రం కదుపుతున్నాడు. చచ్చిపోయిన వేషం కదా, గోక్కోవడానికి లేదు.

ఇద్దరూ కూచున్నారు. చంద్రమతి మీద నింద పడింది. హరిశ్చంద్రుడు కత్తి ఎత్తాడు. దేవతలు దిగారు. కుర్రాడు లేచి ముందు మోకాలు బరబరా గోక్కుని, తర్వాత తండ్రికి నమస్కారం పెట్టాడు. జనం నవ్వారు. మా మేనత్త నవ్వలేదు. చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "లేచాడే" అంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మా మామగారు, ఎంతైనా పెద్దమనిషి కదా, మర్యాదగా అడిగారు. "నాటకం ఎలా వుందండీ అక్కయ్యగారూ? మీ పొన్నూరు వాళ్ళు బాగా ఆడారా, మా తెనాలి వాళ్ళా?"

"ఎవరో ఏవూరో నాకేం తెలుసు అన్నయ్యగారూ" అంది మేనత్త. "ఆ పిల్లాడికి ఎవరన్నా ఇన్ని పాలు తాగించారో లేదో!"